వాసన తెలియని సాక్షి

అగ్గిపుల్ల గీసిన చప్పుడూ, కిరసనాయిలు కంపూ బెత్సీకి ఒక్కసారే తగిలాయి.

ఆమె ఇంకా గుమ్మం అవతలే ఉంది. లోపల అంజయ్య స్టవ్వు ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. మొదటి పుల్ల తల విరిగి పడింది. తాపీగా రెండోది తీశాడు.

"అంజయ్యా! ఆగు!"

అతను తలెత్తి నవ్వాడు. "రా సిస్టరమ్మా, చాయ్ పెడుతున్న," అంటూ పుల్లను పెట్టెకు ఆనించాడు.

బెత్సీ చెప్పులు కూడా విడవలేదు. ఒక్క అంగలో గది దాటి అతని మణికట్టు మీద బలంగా కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి నీళ్ళ బకెట్లో పడింది. ఆ ఊపుకు ఆమె కాలు జారింది, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. నేలంతా తడి. అంజయ్య కూర్చున్న గోనెసంచి తడి. అతని ధోవతి అంచు తడి. నీళ్ళ తడి కాదది.

"ఏందమ్మా గట్ల కొట్టినవు?" అంజయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మరుక్షణం ముఖం ఎర్రబడింది. స్టవ్వు మీది గిన్నె ఎత్తి గోడకేసి కొట్టాడు. గిన్నె దొర్లి ఆగేసరికి ఎందుకు కొట్టాడో మరిచిపోయినట్టు తన చేతి వంకే చూసుకుంటూ నిలబడ్డాడు.

బెత్సీ గడియారం చూసుకుంది. మూడూ యాభై.

ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని వసారాలోకి నడిపించింది, పొడి ధోవతి కట్టించింది, పక్కింటి వెంకటరత్నమ్మను కేకేసి అతని పక్కన కూర్చోబెట్టింది.

బెత్సీ పంతొమ్మిదేళ్ళు దవాఖానలో నర్సు. అందులో ఏడేళ్ళు తలకు దెబ్బ తగిలినవాళ్ళ వార్డులోనే గడిచాయి. ఉద్యోగం మానేశాక మూడేళ్ళుగా వకీళ్ళకు యాక్సిడెంటు కేసుల్లో ఆరాలు తీసిపెడుతోంది. ఎక్స్‌రే చదవగలదు, అబద్ధం చెప్పేవాడి నాడి పట్టుకోగలదు. అంజయ్య కేసు ఆమెకు అప్పగించింది అబిడ్స్‌లో ఆఫీసున్న అడ్వొకేటు విద్యాసాగర్ గారు. ఆయన ఈ కేసుకు ఫీజు కూడా తీసుకోవడం లేదు.

అయిదు నెలల కిందట ఒక సాయంత్రం, అయిదూ ఇరవైకి, సైకిల్ మీద ఇంటికొస్తున్న అంజయ్యను పబ్లిక్ గార్డెన్స్ గోడ పక్కన ఒక కారు గుద్ది వెళ్ళిపోయింది. వెల్లకిలా పడ్డాడు. తల వెనకభాగం రోడ్డుకు తగిలింది. ఎముక ఒక్కటీ విరగలేదు, పైకి మచ్చ కూడా లేదు. పదకొండు రోజుల తర్వాత స్పృహ వచ్చింది. వచ్చిన మనిషి మాత్రం పాత అంజయ్య కాదు. పొద్దున జరిగింది మధ్యాహ్నానికి గుర్తుండదు. నోటిదాకా వచ్చిన మాట జారిపోతుంది. కోపం వస్తే ఆగదు. కొట్టిన కారు యజమాని మీదా, ఆ కారును బీమా చేసిన కంపెనీ మీదా నష్టపరిహారం కోసం వేసిన దావా రేపు పదకొండింటికి ట్రిబ్యునల్ ముందుకు వస్తుంది. రేపు అంజయ్య బోనెక్కాలి.

ఈ రోజు ఎవరో అతన్ని తగలబెట్టబోయారు.

బెత్సీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గదిలోకి వెళ్ళింది. స్టవ్వు తిప్పి చూసింది. వత్తులు ఎండి కరకరలాడుతున్నాయి, టాంకులో చుక్క నూనె లేదు. అంటే స్టవ్వు కారలేదు. మూలనున్న ఇంటి డబ్బా బోర్లించింది. దుమ్ము తప్ప ఏమీ రాలలేదు. మంచం కింద పోశారు, చాప మీద పోశారు, అన్నిటికంటే ఎక్కువగా అతను కూర్చునే గోనెసంచి మీద పోశారు. ముందు తలుపు దగ్గర మాత్రం పొడిగా ఉంది. పోసినవాడు వెనక్కి అడుగులేస్తూ, తన చెప్పులకు అంటకుండా జాగ్రత్త పడ్డాడు.

స్టవ్వు పక్కన రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి.

ఆమె వసారాలోకి వచ్చింది. "అంజయ్యా, రెండు కప్పులు పెట్టినవు. రెండోది ఎవరికి?"

"వచ్చినాయనకు."

"ఎవరొచ్చిండు?"

అంజయ్య నుదురు ముడిచాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అరచేత్తో నుదుటి మీద కొట్టుకున్నాడు. "ఇప్పుడే ఉండె గద. చాయ్ పెట్టి ఉంచు, మళ్ల వస్త అన్నడు. మంచోడు. నన్ను మంచిగ పలకరించిండు."

"పేరు?"

"నాలిక మీదనే ఉన్నది, సిస్టరమ్మా. వస్తలేదు."

వెంకటరత్నమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "నేను నల్ల కాడ బిందె పెట్టుకొని ఉన్న. స్టేషన్ల మూడుంబావు బండి కూసినప్పుడు ఒకాయన సైకిల్ మీద వచ్చిండు. ఎండకు గొడుగు అడ్డం పెట్టుకున్నడు, ముఖం కనవడలే. సైకిల్‌కు డబ్బా వేలాడుతుండె, చంకల కాగితాల కట్ట ఉండె. నా రెండో బిందె నిండేసరికి పోయిండు."

"ఎంతసేపు?"

"పావుగంట గూడ లేదు. అంజయ్య తోని అన్నదమ్ముని లెక్క మాట్లాడిండు. చుట్టమనుకున్న."

నాలుగింటికి అంజయ్య భార్య అనసూయ వచ్చింది. చేతిలో ఖాళీ డబ్బా. రెండున్నరకు రేషన్ దుకాణం ముందు లైన్లో నిలబడితే, తన వంతు వచ్చేసరికి నూనె అయిపోయింది. "నాలుగు రోజులసంది ఇంట్ల చుక్క లేదక్కా," అంటూ లోపలికి తొంగిచూసి, గది వాసన పీల్చి, చేతిలో డబ్బా వదిలేసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మొగుడి ముందు కూలబడి అతని చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుంది.

"నాకేం కాలేదే," అన్నాడు అంజయ్య అయోమయంగా.

బెత్సీ సందు మొగలోని ఇరానీ హోటల్‌కు దాదాపు పరుగెత్తింది. కోర్టులో వకీళ్ళ గదికి ఫోన్ కలిపితే విద్యాసాగర్ గారే దొరికారు. ఆమె చెబుతున్నంతసేపూ ఆయన ఒక్క మాట అడ్డు రాలేదు.

"అతనికేమీ కాలేదు కదా?" అన్నారు చివరికి.

"లేదు సార్. ఒక్క నిమిషం ఆలస్యమైతే మసి అయ్యేవాడు."

"పోలీసులకు చెప్పకండి. రేపు కేసు పెట్టుకుని ఈ రోజు రచ్చ చేస్తే అవతలివాళ్ళు దీన్నే నాటకం అంటారు. అయిదింటికల్లా నేనే కారు తీసుకుని వస్తాను. రాత్రికి మా ఇంట్లో పడుకుంటాడు. అంతదాకా అతన్ని అక్కణ్ణించి కదలనివ్వకండమ్మా."

ఆయన గొంతులో ఆదుర్దా విని బెత్సీకి ధైర్యం వచ్చింది. తిరిగి వచ్చేసరికి అంజయ్య గది గుమ్మంలో ఒక పొడుగాటి మనిషి నిలబడి ఉన్నాడు. వేళ్ళ మధ్య సిగరెట్ కాలుతోంది.

"పారెయ్యండి దాన్ని!" అరిచింది బెత్సీ.

శ్యామ్‌సుందర్ తాపీగా వెనక్కి తిరిగాడు. ముక్కుపుటాలు అదిరాయి, నేల చూశాడు. అప్పుడు మాత్రం తాపీ లేదు. సిగరెట్‌ను సందులోకి విసిరి, వెళ్ళి బూటుతో నలిపి మరీ వచ్చాడు. వసారాలో ఉన్న వెంకటరత్నమ్మను అడిగి జరిగింది తెలుసుకున్నాడు. ఇరవై ఏళ్ళు పోలీసు శాఖలో చేసిన మనిషి, ఇప్పుడు ఆ బీమా కంపెనీకి విచారణాధికారి. అయిదు నెలలుగా అంజయ్యను నీడలా వెంటాడుతున్నాడు. పిల్లలతో నవ్వితే రాసుకున్నాడు, సైకిల్ తుడిస్తే రాసుకున్నాడు. అంజయ్యది ఒట్టి వేషం అన్నది అతని వాదం.

"కమాల్ చేసిన్రు సిస్టర్," అన్నాడు. "రేపు పేషీ, ఇయ్యాల మంటలు. జడ్జి సాబ్ కండ్లనీళ్ళు పెట్టుకుంటడు."

"ఇది మేమే చేసుకున్నమంటరా?"

"మంచం కింద పోసుకున్నరు గాని, తలుపు కాడ దారి ఉంచుకున్నరు. అంటుకుంటే ఉరుకుటానికి. పైగ టైముకు మీరు ప్రత్యక్షం. ఇరవై ఏండ్లు గిసొంటి తమాషాలు చూసిన."

"ఇంట్ల చుక్క నూనె లేదు, సాబ్. ఆ అమ్మ డబ్బా చూడండి. ఇంత నూనె ఎక్కడిది?"

"అడిగితే పక్కింటోళ్ళు ఇయ్యరా? సరే, ఆ మాట ఇడిచిపెట్టండి. ఒక్కటి చెప్పండి. గది నిండ నూనె కంపు కొడుతుంటె, నడుమ కూసొని పుల్ల గీసే మనిషి ఉంటడా? పిచ్చోడు గూడ గియ్యడు. వాసన తగలదా?"

"తగలదు."

"ఏంది?"

"అంజయ్యకు వాసన తెలియదు. దెబ్బ తగిలినప్పటి నుంచి."

శ్యామ్‌సుందర్ నవ్వబోయి ఆగాడు. బెత్సీ కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. ఆ ఆగడం నటన కాదని ఆమెకు అనిపించింది, కాని ఆ సంగతి అప్పటికి పక్కన పెట్టింది.

"మీరే పరీక్ష పెట్టండి," అంది. "నేను ముట్టను."

అంజయ్యను వసారాలో పీట మీద కూర్చోబెట్టి కళ్ళకు రుమాలు కట్టారు. అంజయ్య అబిడ్స్‌లో ఒక చాయ్‌పత్తా దుకాణంలో పదహారేళ్ళు పొడి కలిపిన మనిషి. ఏ తోట ఆకులో ఏది ఎంత పడాలో అతని ముక్కు చెప్పేది. చిటికెడు అరచేతిలో వేసుకుని ఒక్కసారి పీల్చి, ఇది వానల్లో తెంపిన ఆకు, ఇది నిరుటి సరుకు అనేవాడు. దుకాణం సేటు అతన్ని అడగకుండా ఒక్క పెట్టె కొనేవాడు కాదు.

శ్యామ్‌సుందర్ ఇంట్లోని పత్తా డబ్బా తెచ్చి, మూత తీసి అతని ముక్కు కింద పెట్టాడు.

"చాయ్‌పత్తా," అన్నాడు అంజయ్య వెంటనే.

"చూసిన్రా!"

"మూత చప్పుడు విన్నడు. ఆ చప్పుడు వింటనే పదహారేండ్లు బతికిండు. బయట మూత తీసి, చేతులకు తగలకుండా పెట్టండి."

శ్యామ్‌సుందర్ ఆమె వంక గుర్రుగా చూసి గదిలోకి వెళ్ళాడు. చప్పుడు కాకుండా తిరిగి వచ్చాడు. అతని చేతిలో ఉన్నది చాయ్‌పత్తా కాదు, నేలకు అద్దిన గుడ్డముక్క. కిరసనాయిలు కారుతోంది. దాన్ని అంజయ్య ముక్కుకు అంగుళం దూరంలో పెట్టాడు.

అంజయ్య నిండుగా పీల్చాడు. తల కొంచెం పక్కకు వంచాడు. పాత రోజుల్లో సేటు ముందు అలాగే వంచేవాడట.

"అస్సాం పత్తా," అన్నాడు, కొంచెం సందేహంగా. "మంచి సరుకే. జర పాతది, అంతే."

అనసూయ కొంగు నోట్లో కుక్కుకుంది. శ్యామ్‌సుందర్ చెయ్యి ఉన్నచోటే ఉండిపోయింది. అయినా పోలీసు బుద్ధి ఊరుకోలేదు. "కావాలని తప్పు చెప్పొచ్చు గద," అన్నాడు. గొంతులో మునుపటి జోరు లేదు.

బెత్సీ సంచిలోంచి చిన్న సీసా తీసి అతనికిచ్చింది. అమోనియా. మూర్ఛపోయినవాళ్ళకు చూపించేది. "ఇది పెట్టండి. వేషగాడైతే దీనికి గూడ బిగబట్టుకొని కూసుంటడు, ఏం వాసన లేదంటడు."

బిరడా తీసి దగ్గరికి తెచ్చాడో లేదో, అంజయ్య ఉలిక్కిపడి వెనక్కి పడబోయాడు. కళ్ళూ ముక్కూ ధారలు కట్టాయి. "మంట! మంటమ్మా!" అంటూ రుమాలు లాగేసి చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"ఏం వాసన అంజయ్యా?"

"వాసన లేదు. మంట."

బెత్సీ శ్యామ్‌సుందర్ వైపు తిరిగింది. "వాసన మోసే నరాలు వేరు సాబ్, మంట మోసే నరం వేరు. తల వెనక దెబ్బ తగిలితే మెదడు ముందుకు కొట్టుకుంటది. ముక్కు పైన దారాల్లాంటి నరాలు తెగిపోతయి. మంట నరం మిగులుతది. ఇది వైద్యం చదివినోళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. చాయ్‌పత్తా కలిపేటోనికి ఎట్ల తెలుస్తది?"

శ్యామ్‌సుందర్ అంజయ్య చెంప వంక చూస్తున్నాడు. బెత్సీ కూడా చూసింది. కన్నీళ్ళు తుడుచుకున్న చోట, చెంప మీద ఊదారంగు చార.

ఆమె అంజయ్య ఎడమ చెయ్యి తిప్పింది. బొటనవేలి నిండా సిరా. తడి తగిలి ఇంకా అంటుకుంటోంది.

"అనసూయా, ఇయ్యాల వేలిముద్ర ఎవరన్న తీసుకున్నరా?"

"లేదక్కా. రెండింటికి అన్నం తినిపించి నేనే చేతులు కడిగిన. రెండున్నరకు నేను పోయేటప్పుడు ఏం లేదు."

బెత్సీ లేచింది. "సాబ్, జర బయటికి రండి."

సందులో, అనసూయకు వినపడనంత దూరంలో ఆగారు.

"నిజం చెప్పండి. వాసన సంగతి మీకు ఇంతకు ముందు ఎరుకేనా?"

"కసమ్. నా ఫైల్ల తలనొప్పి, మతిమరుపు, కోపం అని ఉన్నయి. ముక్కు మాట ఒక్క కాగితం మీద లేదు."

"ఉండదు. అర్జీ రాసినప్పుడు మాకే తెలియదు. పోయిన గురువారం నాకు అనుమానమొచ్చి డాక్టర్ కాడికి తీసుకపోయిన. సర్టిఫికెట్ కవర్ల పెట్టి వకీలు సాబ్ బీరువాల ఉన్నది. రేపు కోర్టుల ఇస్తమనుకున్నం, అప్పటిదాక ఎవరికీ చెప్పొద్దనుకున్నం." ఆమె వేళ్ళు మడిచింది. "డాక్టర్. నేను. అనసూయ. వకీలు సాబ్ ఆఫీసు. ఇంతే మంది."

"నూనె పోసినోనికి వాసన సంగతి ఎరుక," అన్నాడు శ్యామ్‌సుందర్ నెమ్మదిగా. "ఎరుక లేకపోతె మనిషి ఇంట్ల ఉండంగ పొయ్యడు. ఈయన అటు తిరిగినప్పుడు పోసి, చాయ్ పెట్టుమని చెప్పి పోయిండు."

"వేలిముద్ర గూడ. అంజయ్య సంతకం ఇప్పుడు పాత సంతకం లెక్క పడదు. అందుకని వేలిముద్ర తీసుకునేది ఒక్క మా ఆఫీసే. తీసుకునేది గుమాస్తా సాయన్న, ఇయ్యాల ఏ కాగితం మీదనో. సైకిల్, కాగితాల కట్ట. అంజయ్యను అన్నదమ్ముని లెక్క పలకరిస్తడు."

"గుమాస్తాకు ఏం పగ?"

"పగ కాదు. ఎవరో పంపిన్రు. మీ కంపెనీయే అనుకుంటుంటి నేను, ఇంతకు ముందు దాక. మనిషి చస్తె దావా గూడ చస్తది గద."

శ్యామ్‌సుందర్ ముఖం గంటు పెట్టుకున్నాడు. "చస్తది. దెబ్బ తోని గాక అగ్గి తోని పోతె, దెబ్బకు అడిగిన పరిహారం ఆయన తోనే పోతది. అందరు మా దిక్కే వేలు చూపుతరు. ఎవరు చేసిన్రో గాని, అది గూడ ఆలోచించి చేసిన్రు." అతను ఆమె వైపు తిరిగాడు. "ఒక మాట చెప్త, ఇప్పుడన్న ఇనండి. అయిదు నెలలసంది మొత్తుకుంటున్న. మీరు అర్జీల రాసిన కారు ఆ దినం రోడ్డు మీదనే లేదు. దాని ఇంజను సికిందరాబాదుల వర్క్‌షాప్‌ల బల్ల మీద ఉన్నది, మూడు దినాలు. మెకానిక్ తోని, హెల్పర్ తోని, ఇంజను మోసిన బండోని తోని మాట్లాడిన. ముగ్గురు ఒక్కటే చెప్పిన్రు. ఇంజను లేని కారు గుద్దదు సిస్టర్."

ఇదివరకు ఈ మాట విన్నప్పుడల్లా బెత్సీ కొట్టిపారేసింది. అంజయ్య దెబ్బ నిజమని తెలుసు కాబట్టి, అవతలివాళ్ళు చెప్పేదంతా అబద్ధమేననుకుంది. అతనూ అంతే. కారు విషయం తనకు తెలుసు కాబట్టి దెబ్బ కూడా అబద్ధమన్నాడు. ఇద్దరి దగ్గరా సగం సగం నిజం ఉంది.

"దెబ్బ నిజం," అంది బెత్సీ. "కారు వేరే."

"ఆ నంబరు చెప్పిన సాక్షి ఎవరు? పండ్ల బండోడు. వాణ్ణి పట్టుకొచ్చింది మీరా?"

"కాదు. ఈ కేసు నాకు ఇయ్యకముందే ఉన్నడు." ఆమె చెప్పబోయి ఆగింది. "వకీలు సాబ్ పట్టుకొచ్చిండు."

నాలుగూ నలభై అయింది.

ఆమె గబగబా వసారాలోకి వచ్చి అంజయ్య ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అనసూయా, మొన్న వకీలు సాబ్ ఇంటికి పోయినప్పుడు ఏం జరిగింది?"

"ఏం లేదక్కా. రేపు కోర్టుల ఏం చెప్పాల్నో నేర్పిండు. నడుమల ఈయన, నాకు జర జర యాదికొస్తున్నది సాబ్, అన్నడు. వకీలు సాబ్ నన్ను వంటింట్లకు పోయి చాయ్ తాగి రమ్మన్నడు. వచ్చేసరికి మాటలు అయిపోయినయి."

"అంజయ్యా, ఏం యాదికొచ్చింది? నాకు చెప్పు. తొందర లేదు."

తొందర ఉంది. అయినా ఆమె అతని చెయ్యి పట్టుకుని, వార్డులో పట్టుకున్నట్టే, కదలకుండా కూర్చుంది.

అంజయ్య కళ్ళు మూసుకున్నాడు. నిన్నటి అన్నం గుర్తులేనివాడికి అయిదు నెలల కిందటిది ముక్కలు ముక్కలుగా తేలి వస్తోంది. "మోటరు ఆగింది. దిగిండు. నా మీద వంగి చూసిండు. ముఖం... ముఖం లేదు, ఎండ ఎదురు. గీడ..." చేత్తో తన గొంతు కింద తడుముకున్నాడు. "గీడ తెల్లగ ఉండె. రెండు. గిట్ల వేలాడుతుండె." రెండు వేళ్ళు విడదీసి గొంతు కింద కిందికి పెట్టి చూపించాడు. "దాన్ని ఏమంటరు? పేరు వస్తలేదు. నా ముఖం మీద ఊగుతుండె."

బెత్సీకి మొదట తమ చర్చి పాస్టరు గారు కళ్ళ ముందు కదిలారు. గొంతు కింద తెల్లటి పట్టీలు. ఆదివారం కాదు కదా అది, అనుకుంది.

"నల్ల కోటా?" అడిగాడు శ్యామ్‌సుందర్. అతని గొంతు మారిపోయింది.

"ఔ. నల్లది."

"కోర్టు అయిదింటికి లేస్తది," అన్నాడు శ్యామ్‌సుందర్, ఎవరితోనూ కాకుండా. "అయిదూ ఇరవైకి అక్కడ..."

బెత్సీ అతన్ని కళ్ళతోనే ఆపింది. అనసూయ వింటోంది. ఫీజు లేకుండా కేసు పట్టిన మనిషి. దవాఖానకు పండ్లు పంపిన మనిషి. అంజయ్యకు ఏం గుర్తొస్తుందో అందరికంటే ముందు తనకే తెలియాలని అయిదు నెలలుగా పక్కనే కూర్చున్న మనిషి. ఇంటి దగ్గర ఎప్పుడూ తెల్ల లాల్చీయే. కోర్టు బట్టల్లో అంజయ్య ఆయన్ను చూసిందే లేదు, ఆ ఒక్కసారి తప్ప.

ఆ మనిషికే తను ఫోన్ చేసి, అంజయ్య బతికే ఉన్నాడని చెప్పింది.

"బెత్సీ గారూ!"

సందు మొదట్లోంచి పిలుపు. బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. అయిదు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.

బెత్సీ అనసూయ భుజం పట్టి లేపింది. "వెనక తలుపు నుంచి ఈయనను తీసుకపో. వెనక సందుల నుంచి తిరిగి వెంకటరత్నమ్మ ఇంట్ల దూరు, గడియ పెట్టుకో. నేను పిలిచేదాక తియ్యకు. పో!"

"ఏమైందక్కా?"

"తర్వాత చెప్త. పో!"

వెనక తలుపు మూసుకున్న చప్పుడు ముందర బూట్ల చప్పుడులో కలిసిపోయింది. విద్యాసాగర్ గారు గుమ్మంలో నిలబడ్డారు. కోర్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నారు. కోటు చేతి మీద వేసుకున్నారు, గొంతు కింద తెల్లటి వకీలు పట్టీలు అలాగే ఉన్నాయి. శ్యామ్‌సుందర్‌ను చూసి ఒక్క క్షణం ఆగారు. వెంటనే ముఖం సర్దుకున్నారు.

"ఈయనెందుకొచ్చారు?"

"నేనే రమ్మన్న సార్," అంది బెత్సీ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాళ్ళ కంపెనీ పని కాదని చెప్పుకోవటానికి వచ్చిన్రు."

"అంజయ్య ఏడీ?"

"దవాఖానకు పంపిన. పొగ, నూనె, ఊపిరి ఆడలేదన్నడు."

"పొగెక్కడిదమ్మా? అంటుకోలేదన్నారు కదా ఫోనులో." ఆయన నవ్వు ముఖం మీద నుంచి చెదరలేదు. గదిలోకి, మంచం వైపు, వెనక తలుపు వైపు చూశారు. "ఏమైనా చెప్పాడా? గుర్తొచ్చిందా ఏమైనా?"

"ఏం లేదు సార్. ఎవరు వచ్చిన్రో గూడ చెప్పలేకపోయిండు."

"పాపం," అన్నారు ఆయన. "రేపు బోనులో ఏం చెబుతాడో, ఏమో."

శ్యామ్‌సుందర్ మెల్లగా జరిగి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "వకీల్ సాబ్, కారు ఏడ పెట్టిన్రు? సందు బయట ఆగినట్టు చప్పుడు గాలే."

విద్యాసాగర్ గారు కళ్ళజోడు తీసి పట్టీ అంచుతో తుడుచుకున్నారు. "ముందర సందు ఇరుకు కదండీ. వెనక సందులో ఆపమన్నాను. సాయన్న ఉన్నాడు దాంట్లో."

బెత్సీ అనసూయకు అన్నీ చెప్పింది. గడియ పెట్టుకోమంది, తలుపు తియ్యొద్దంది. సాయన్న పేరు ఒక్కటి చెప్పలేదు.

వెనక సందులో కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

ఆమె ఏ గుడ్డ, ఏ చాప తొక్కుతోందో చూసుకోకుండా గది దాటి వెనక తలుపు లాగింది. వెనకాల శ్యామ్‌సుందర్ ఎవర్నో గోడకు అదిమిపట్టిన చప్పుడు, "కదలకు!" అన్న కేక. సందులో దుమ్ము లేచి ఉంది. నల్ల కారు అప్పుడే మూల తిరుగుతోంది. అనసూయ ఒక చెప్పుతో దాని వెంట పరుగెత్తి, పడి, లేచి, బెత్సీని చూసి ఆగిపోయింది.

"సాయన్ననే గదక్కా," అంది రొప్పుతూ. ఏం జరిగిందో ఆమెకు ఇంకా పూర్తిగా తెలియదు. "వకీలు సాబ్ పిలుస్తున్నడు ఎక్కుమన్నడు. నేను అటు తిరిగి ఎక్కేలోపల పోనిచ్చిండు. ఈయన... ఈయన సాయన్నను చూసి నవ్వుకుంట ఎక్కిండు అక్కా."